పాత గాలపు కఱ్ఱయు, సుంకపు చీటియు

నా మేనల్లుఁ డొకఁడు అమెరికాలో కొలరాడో రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాఁడు. పదవ తరగతివఱకు మన పాఠశాలలోనే చదివినవాఁడు. ఉపాధ్యాయులలో కొందఱు వాని నెఱుఁగుదురు. ఆ దేశమున వానికొక క్రొత్త వ్యసనము పట్టుకొన్నది. ఈకలు, వెండ్రుకలు, దారములతో కట్టిన కృత్రిమపు ఈగను సన్నని త్రాటి కొనకు ముడివేసి, చల్లని కొండవాఁగులలో ట్రౌటు అను చేఁపలను పట్టుట ఆ వ్యసనము. దీనిని ఫ్లై ఫిషింగు అందురు. మన చెఱువుగట్టున వానపామును ఎఱగా గ్రుచ్చి బెండును చూచుచు కూర్చుండుటకును దీనికిని చాల భేదము కలదు. ఆ ఈగకు బరువు లేదు. విసరుటకు వలయు బరువంతయు త్రాటిలోనే యుండును. కఱ్ఱ ఆ త్రాటిని కొరడావలె వెనుకకును ముందునకును ఆడించును. కావున కఱ్ఱ సత్తువయు త్రాటి బరువును ఒకదానికొకటి కుదురకున్నచో ఎంత నేర్పరి చేతిలోనైనను పని జరుగదు.

ఈ సామాను క్రొత్తది మిక్కిలి ప్రియము. పాతది తక్కువ వెలకు దొరకును. పైగా కొన్ని రకములు పాతవానిలోనే కలవు. ఇంగ్లాండు ఉత్తరభాగమున ఆల్నిక్కు పట్టణమునందు 1872లో స్థాపింపఁబడిన హార్డీ వారు తమ వెదురు కఱ్ఱలకు పాలకోనా యని పేరు పెట్టుకొనిరి. (ఆ పేరు వినఁగానే మనకు పాలకొండ జ్ఞప్తికి వచ్చును!) ఆఱు వెదురు బద్దలను సన్నగా చిత్రికపట్టి, జిగురుతో నతికి, ఆఱు పలకల కఱ్ఱగా చేయుదురు. తొలినాళ్లలో ఇట్టి కఱ్ఱలకు మన దేశమునుండి పోయిన కలకత్తా వెదురును వాడిరి. పిమ్మట చైనాలోని గ్వాంగ్‌డాంగు ప్రాంతపు టాంకిను వెదురు దానిని త్రోసివేసినది. 1950లో అమెరికా చైనా సరకులను నిషేధించుటతో అచ్చట ఆ వెదురు కఱవయ్యెను, గాజునార కఱ్ఱలు ప్రబలెను. 1973లో గ్రాఫైటు కఱ్ఱలు అంగళ్లకు వచ్చెను. వెనుకటి తరమువారి వెదురు కఱ్ఱలు ఏ యింటి అటుకమీఁదనో పడియుండి, మనుమల చేతులమీఁదుగా ఇప్పుడు ఇంటర్నెట్టు అంగళ్లకు చేరుచున్నవి. అట్టిదాని నొకదానిని నా మేనల్లుఁడు 2025 సంవత్సరాంతమున ఒక బ్రిటిషు వర్తకునియొద్ద 180 పౌనులకు కొనెను.

ఇఁక జరిగిన కథ వినుఁడు. విదేశమునుండి వచ్చు 800 డాలర్లలోపు సరకునకు అమెరికాలో 2016 నుండి సుంకము లేకుండెను. 2025 ఆగస్టు 29వ తేదీనుండి ఆ మినహాయింపు నిలిపివేయఁబడినది. ఒకరికొకరు నిజముగా పంపుకొను 100 డాలర్లలోపు కానుకలకు మాత్రము సడలింపు మిగిలినది. వర్తకుఁడు తానై యిట్లు వ్రాసెను: “చీటిమీఁద కానుక యని వ్రాసి, వెల 20 పౌనులని చూపెదను. మీకు సుంకము తప్పును.” మావాఁడు సంతోషించి, కృతజ్ఞతలు కూడ తెలిపెను. కొన్ని వారములకు కఱ్ఱ వచ్చినది. పంపిన గొట్టము నడుమ నలిగి, కఱ్ఱ నడిమి తునుక చీలియుండెను. పరిహారము కోరఁగా, చీటిమీఁద చూపిన 20 పౌనులకు మించి యొక్క కాసును రాదని తేలినది. ఇంతలో మఱియొకటి బయటపడెను. కొన తునుక మిగిలినవానికంటె మూఁడంగుళములు పొట్టిగా నుండెను. పూర్వ మెన్నఁడో విఱిగినదానిని కోసి, చివర క్రొత్త రింగు తగిలించియుండిరి. ప్రకటనలో మాత్రము “ఏ లోపమును లేదు” అని యుండెను.

“మామయ్యా, అతఁడు పచ్చి మోసగాఁడు” అని వాఁడు నాకు వ్రాసెను. మోసగాఁడే, కాదనను. కాని నేను వాని నొక ప్రశ్న యడిగితిని. నీ కొఱకు ఒక దొరతనముతో అబద్ధ మాడుటకు సిద్ధపడినవాఁడు, తన లాభము కొఱకు నీతో నాడఁడని నీవెట్లు నమ్మితివి? అతని స్వభావము ఆ మొదటి యుత్తరముననే తెలిసినది గదా! కొనువారు అమ్మువారి అసత్యములను గూర్చి గగ్గోలు పెట్టుదురు. తమకు లాభించు అసత్యమును మాత్రము ఉపకారమని స్వీకరింతురు. ఇట్టి బేరములలో నాకు మిగుల వింతగా తోఁచునది యిదియే.

వాఁడు ఊరకుండలేదు. సుంకము అన్యాయమనెను, అందఱు నిట్లే చేయుదురనెను. మొదటి మాటలో కొంత నిజము కలదు. ఎన్నఁడో అమ్ముడై, ఏండ్ల తరబడి వాడఁబడిన వస్తువునకు మరల సుంకమేమి? నాకును అది రుచింపదు. కాని ఆ మాటను ప్రజాప్రతినిధికి వ్రాయవచ్చును, పత్రికకు వ్రాయవచ్చును. సుంకపు చీటిమీఁద వ్రాయుటకు వీలులేదు. ఆ చీటిలో అడిగినది కొనినవస్తువా కానుకయా, వెల యెంత యనుమాత్రమే. రెండవ మాటకు సమాధానము నాకు బడిలోనే దొరకినది. తండ్రి సంతకమును తానే పెట్టుకొని ప్రోగ్రెసు కార్డును తెచ్చిన పిల్లవాఁ డొకఁడు పట్టుబడినప్పుడు, “అందఱు నిట్లే చేయుదురు సార్” అనెను. ఆ పిల్లవానిని నేను గోడవైపు తిరిగి నిలువుమంటిని. ముప్పదియేండ్ల మేనల్లుని నేమనవలెను?

పాతసామాను కొనుటయే తప్పని నేననను. మంచి వెదురు కఱ్ఱ కొన్ని తరములు నిలుచును. దానిని అటుకమీఁద పురుగుల కప్పగించుటకంటె వాఁగుగట్టున వాడుట మేలు. కాని చేతితో పట్టి చూడలేని వస్తువును కొనునపుడు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. ప్రతి తునుకను అంగుళములలో విడివిడిగా కొలిచి చెప్పుమనవలెను. సమానముగా చేసిన కఱ్ఱలో ఒక తునుక పొట్టియైనచో అది విఱిగినదని యర్థము. మావాఁ డీ యొక్క ప్రశ్న యడిగియుండినచో చాలియుండెడిది. తునుకలను కలుపు లోహపు కుప్పెలు వదులుగా నున్నవా, లాగినపుడు టప్పుమని శబ్దము చేయునా యని అడిగి, వీలైన నొక వీడియో తీయించుకొనవలెను. ఛాయాచిత్రమున నిది తెలియదు. వెదురు ఒక ప్రక్కకు వంగిపోయినదా, బద్దల నడుమ జిగురు విడినదా? గ్రాఫైటు కఱ్ఱయైనచో వెండ్రుకవంటి పగులు కంటికి ఆనకయే యుండి, పెద్ద చేఁప పడిననాఁడు ఫెళ్లుమనును. దానిని చేసినవారి హామీయు సాధారణముగా మొదట కొనినవానికే గాని రెండవవానికి చెల్లదు.

త్రాటి సంగతి వేఱు. నేఁడు త్రాళ్లకు అంకెలు కలవు. త్రాటి మొదటి 30 అడుగుల బరువును బట్టి అంకె నిర్ణయింతురు. 5వ నంబరు త్రాడు 140 గ్రెయినులు, అనఁగా సుమారు 9 గ్రాములు. ఈ పద్ధతి 1960ల ప్రారంభమున వచ్చినది. అంతకు పూర్వము పట్టు త్రాళ్లకు అక్షరములు గుర్తుగా నుండెడివి. కావున పాత కఱ్ఱమీఁద అంకె యుండదు. ఏ త్రాటితో వాడిరో అమ్మువాఁడు చెప్పలేకున్నచో, అతఁడు దానిని వాడి చూడలేదని గ్రహింపవలెను. అది నేరము కాదు. వెల తగ్గించుటకు కారణము మాత్ర మగును. రీళ్లకు సముద్రపుటుప్పు శత్రువు. అల్యూమినియముమీఁద తెల్లని పొడి కనఁబడినచో విడిచిపెట్టుఁడు.

వాఁగులో దిగుటకు తొడుగుకొను పాత జోళ్లను మాత్రము పరదేశమునుండి తెప్పింపరాదని నా దృఢాభిప్రాయము. తడిసిన ఫెల్టు అడుగులలో నీటి జీవులు దాఁగియుండి దేశములు దాటును. న్యూజీలాండులో 2004లో డిడిమో అను నాచు కనఁబడి, వాఁగుల అడుగున బురదదుప్పటివలె పఱచుకొన్నది. 2008లో ఆ దేశము ఫెల్టు అడుగుల జోళ్లను నిషేధించినది. ఒకని బేరము ఒక నదికి రోగము కారాదు గదా.

పాత ఈగల పెట్టెలయందును జాగ్రత్త వలయును. సాల్మను చేఁపల కొఱకు కట్టిన పాత ఈగలలో అరుదైన పక్షుల ఈకలుండును. మన దక్షిణదేశపు అడవికోడి మెడయీకలు అందులో పేరెన్నికగన్నవి. 2009లో ఇంగ్లాండునందు ట్రింగు పట్టణపు మ్యూజియమునుండి ఒక సంగీత విద్యార్థి 299 పక్షి చర్మములను దొంగిలించి, వానిలో కొన్నింటిని, కొన్ని యీకలను ఇంటర్నెట్టుమీఁద ఈగలు కట్టువారికి అమ్మెను. కొనినవారు “ఇవి యెక్కడివి?” అని యడిగియుండినచో అతఁ డింకను ముందుగనే పట్టుబడియుండునేమో.

మన విద్యార్థులలో ఎవరైనను రేపు హిమాచలప్రదేశపు తీర్థన్ లోయకో, కాశ్మీరమునకో పోయి ట్రౌటు పట్టవలెనని ముచ్చటపడవచ్చును. వారికొక మాట. వాడిన సామాను మన దేశములోనికి దిగుమతి చేయుట నిర్బంధితము; అనుమతి వలయును. అయినచో కానుకయని పంపించుకొందమా? 2019 డిసెంబరునుండి తపాలాద్వారాను కొరియరుద్వారాను కానుకలుగా సరకులు తెప్పించుట, ప్రాణరక్షక ఔషధములును రాఖీలును తప్ప, నిషేధింపఁబడినది. విదేశములలోని అన్నలకు, బావలకు “గిఫ్టని వ్రాసి పంపుము” అని ఫోనులో చెప్పువారు ఈ సంగతి యెఱుఁగరు. దేశములోనే వాడినవాని యొద్ద కొనుట సులువు. కఱ్ఱను చేతఁబట్టి, వంచి చూచుకొని మఱి కొనవచ్చును.

గత నెలలో నా మేనల్లుఁడు మరల వ్రాసెను. మఱియొక బ్రిటిషు వర్తకునియొద్ద ఒక పాత రీలు చూచెనఁట. నా మాటను మన్నించి, చీటిమీఁద నిజమైన వెలను వ్రాయుమని ముందుగానే కోరెను. ఆ వర్తకుఁడు, ఇంత తొందర తనకు వలదని బేరము మానుకొనెను. రీలు రెండుదినములలో వేఱొకరికి పోయినది. వాఁడు నామీఁద కొంచెము అలిగియున్నాఁడు. క్రిస్‌మసునకు వచ్చినపుడు సముదాయింపవలసి యున్నది.