వీసా తేదీ సరే.. పిల్లల తరగతి మాటేమిటి?

గోదావరి జిల్లాల్లో గల్ఫ్ ప్రయాణం కొత్త ముచ్చటేం కాదు. రాజోలు, అమలాపురం, నరసాపురం, పాలకొల్లు వైపు ఏ ఊరికి వెళ్లినా కువైట్, మస్కట్, దుబాయ్ పేర్లు పక్క ఊరి పేర్లలా వినిపిస్తాయి. రాజమండ్రి, భీమవరం నుంచైతే లండన్, డల్లాస్, మెల్‌బోర్న్ కూడా. వీసా వచ్చిందా, మెడికల్ అయిందా, టికెట్ ఎంత, ఏజెంటుకు ఎంత ఇవ్వాలి.. ఈ లెక్కలన్నీ ఇంట్లో రాత్రిళ్లు కూర్చుని మరీ వేస్తారు. ఒక్క లెక్క మాత్రం చివరికి మిగిలిపోతుంది. పిల్లాడు ఇప్పుడు ఏ తరగతి? అక్కడికెళితే ఏ తరగతిలో కూర్చోబెడతారు? ఏదో ఒక రోజు తిరిగొస్తే ఇక్కడ ఏ తరగతిలో తీసుకుంటారు?

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఈ లెక్క తప్పితే పిల్లల జీవితంలో ఒక ఏడాది పోతుంది. ఆడపిల్లలైతే ఆ ఏడాదితోనే చదువు ఆగిపోయే ప్రమాదమూ ఉంది.

రెండు క్యాలెండర్ల మధ్య

ఆంధ్రప్రదేశ్‌లో బడులు జూన్ 12న తెరుచుకుని ఏప్రిల్ నాలుగో వారంలో మూతపడతాయి. గల్ఫ్‌లోని భారతీయ పాఠశాలలు ఎక్కువగా సీబీఎస్ఈవి. అక్కడ కొత్త తరగతి ఏప్రిల్‌లోనే మొదలై మార్చితో ముగుస్తుంది. మండు వేసవి కాబట్టి జులై, ఆగస్టు నెలల్లో సెలవులు. అదే గల్ఫ్‌లో బ్రిటిష్, అమెరికన్ సిలబస్ చెప్పే బడులు ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో మొదలవుతాయి. ఆస్ట్రేలియాలో ఇంకో లెక్క. అక్కడ విద్యా సంవత్సరం జనవరి చివర్లో మొదలై డిసెంబరులో అయిపోతుంది.

అంటే ఏప్రిల్ చివర్లో ఇక్కడ పరీక్షలు రాసి, మే మొదటి వారంలో మస్కట్‌లో దిగిన పిల్లలకు పెద్ద ఇబ్బంది ఉండదు. నాలుగైదు వారాల పాఠాలు పోతాయంతే. కానీ వీసా ఎప్పుడు వస్తే అప్పుడే బయల్దేరదామని డిసెంబరులో ఇల్లు ఖాళీ చేస్తే? అక్కడ సీటు దొరక్క, ఇక్కడ పరీక్ష రాయక, పిల్లలు ఏప్రిల్ దాకా ఫ్లాటులో టీవీ ముందు కూర్చోవాల్సి వస్తుంది. అలాగే గల్ఫ్ సెలవుల్లో, అంటే జులైలో, మొత్తానికి ఊరికి వచ్చేసే కుటుంబం పిల్లలు ఇక్కడ బడి తెరిచిన నెల తర్వాత తలుపు తడతారు.

తండ్రి ఉద్యోగంలో చేరే తేదీని మార్చడం మన చేతిలో ఉండదు. కానీ కుటుంబం వెళ్లే తేదీ చాలాసార్లు మన చేతిలోనే ఉంటుంది. తండ్రి ముందు వెళ్లి, తల్లీపిల్లలు పరీక్షలయ్యాక వెళ్తే సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

వయసు చూస్తారా, తరగతి చూస్తారా?

మనవాళ్లకు బాగా కోపం తెప్పించేది ఇదే. "మావాడు ఇక్కడ రెండో తరగతి పాసయ్యాడు, అక్కడ మళ్లీ ఒకటిలో వేశారు" అనే మాట గల్ఫ్ నుంచి వచ్చే ఫోన్లలో తరచూ వినిపిస్తుంది.

కారణం ఉంది. మన రాష్ట్రంలో అయిదేళ్లు నిండగానే ఒకటో తరగతిలో చేర్చడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. 2020 జాతీయ విద్యా విధానం మాత్రం ఒకటో తరగతికి ఆరేళ్లు అంది. కేంద్రీయ విద్యాలయాలు 2022-23 నుంచి ఆరేళ్ల నిబంధన పెట్టాయి. యూఏఈలో కూడా ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలి. ఏ తేదీకి నిండాలన్నది బడి ఎప్పుడు మొదలవుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. 2026-27 నుంచి ఆగస్టు, సెప్టెంబరులో మొదలయ్యే బడులకు ఆ తేదీ డిసెంబరు 31. ఏప్రిల్‌లో మొదలయ్యే బడులకు మార్చి 31. కాబట్టి ఇక్కడ తొందరపడి చేర్చిన పిల్లలు అక్కడ ఒక మెట్టు దిగాల్సి రావచ్చు.

ఇంగ్లండ్‌లో అయితే పాత తరగతిని దాదాపు పట్టించుకోరు. పుట్టిన తేదీ ఒక్కటే లెక్క. సెప్టెంబరు 1 నుంచి తర్వాతి ఆగస్టు 31 వరకు పుట్టినవారంతా ఒకే తరగతి. రాజమండ్రిలో ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరు స్నేహితులను తీసుకోండి. ఒకరు 2015 ఆగస్టు 20న పుట్టారు, మరొకరు సెప్టెంబరు 5న. 2026 సెప్టెంబరులో ఇంగ్లండ్ వెళితే మొదటి పిల్లాడు ఇయర్ 7, అంటే సెకండరీ స్కూలు. రెండో పిల్లాడు ఇయర్ 6, అంటే ఇంకా ప్రైమరీ. పదహారు రోజుల తేడాతో బడే మారిపోతుంది. ఇందులో ఎవరి తెలివీ తక్కువ కాదు, ఎవరి మీదా వివక్షా లేదు. అక్కడి పద్ధతి అంతే.

ఇక్కడ ఒక మాట నిదానంగా ఆలోచించాలి. చిన్న తరగతుల్లో ఒక మెట్టు దిగడం నిజంగా నష్టమా? ఏడేళ్ల పిల్లాడు తోటి ఏడేళ్ల పిల్లలతో కూర్చుని, కొత్త భాష, కొత్త ఊరు అలవాటు చేసుకుంటే పోయేదేమీ లేదు. అసలు నష్టం బడి బయట గడిపిన నెలలది. పై తరగతే కావాలని పట్టుబట్టి, సీటు వదులుకుని, ఆరు నెలలు ఇంట్లో ఉంచడం పరువు కోసం చదువును పణంగా పెట్టడమే.

తొమ్మిది దాటితే దారి ఇరుకు

ఎనిమిది వరకు పైన చెప్పిన మాట సరిపోతుంది. తొమ్మిది నుంచి కథ వేరు. సీబీఎస్ఈ లెక్కలో తొమ్మిది, పది కలిపి రెండేళ్ల కోర్సు. పదకొండు, పన్నెండు మరో రెండేళ్ల కోర్సు. తొమ్మిదిలోనే విద్యార్థి పేరు బోర్డులో నమోదవుతుంది. నేరుగా పదో తరగతిలో చేర్చుకోవడానికి తల్లిదండ్రుల బదిలీ లాంటి గట్టి కారణం, దానికి కాగితాలు, పైగా బోర్డు అనుమతి కావాలి. స్టేట్ సిలబస్‌లో తొమ్మిది పూర్తి చేసిన పిల్లను పదికి కువైట్ తీసుకెళ్తే, సీటు దొరికినా సిలబస్ మారుతుంది, భాషా సబ్జెక్టు మారుతుంది, పది నెలల్లో బోర్డు పరీక్ష. ఇంటర్ మొదటి ఏడాది ఇక్కడ, పన్నెండో తరగతి అక్కడ అనుకుంటే ఇంకా కష్టం. ఇంగ్లండ్‌లో కూడా ఇయర్ 10, ఇయర్ 11 కలిపి జీసీఎస్ఈ పరీక్షలకు సిద్ధం చేస్తారు. మధ్యలో దిగిన పిల్లలు సగం సినిమా నుంచి చూసినట్టే.

అందుకే కదలడానికి అన్నింటికంటే మంచి సమయాలు రెండు. ఒకటి, ఎనిమిది పూర్తయ్యాక. రెండు, పది పూర్తయ్యాక. పది పాసైన సర్టిఫికెట్ చేతిలో ఉంటే అక్కడ పదకొండులో చేరొచ్చు, అటు నుంచి వస్తే ఇక్కడ ఇంటర్‌లో చేరొచ్చు.

తిరిగొచ్చే దారిలో

వెళ్లేటప్పుడు కాస్తయినా ఆలోచించే సమయం ఉంటుంది. తిరిగి రావడం మాత్రం చాలాసార్లు మన నిర్ణయం కాదు. సౌదీ అరేబియా సంగతే చూడండి. 2017 జులై నుంచి కుటుంబ సభ్యుల మీద నెలకు తలకు 100 రియాళ్ల ఫీజు పెట్టారు. ఏటా 100 చొప్పున పెంచుతూ 2020 నాటికి 400 చేశారు. భార్య, ముగ్గురు పిల్లలున్న ఉద్యోగికి నెలకు 1,600 రియాళ్లు, ఏడాదికి 19,200 రియాళ్లు. మామూలు జీతగాడు మోయగలిగే బరువు కాదు. కుటుంబాలను ఇంటికి పంపేసి మగవాళ్లు మళ్లీ షేరింగ్ రూముల్లోకి మారారు. ఆ తర్వాత 2020లో కరోనా. మే 7న మొదలైన వందే భారత్ విమానాల్లో ఉద్యోగాలు పోయినవాళ్లూ పిల్లలతో దిగారు.

ఇలా వచ్చిన పిల్లలకు మొదటి గోడ భాష. గల్ఫ్‌లోని భారతీయ బడుల్లో హిందీ, అరబిక్ చదువుతారు. కొన్నిచోట్ల మలయాళం, ఉర్దూ కూడా ఉంటాయి. తెలుగు తరగతి దొరకడం అరుదు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడే పిల్లలు కూడా గుణింతం దగ్గర ఆగిపోతారు. ఏడో తరగతి పిల్లాడికి తెలుగు వాచకం చదవడం రాదంటే బడిలో నవ్వులాట అవుతుంది. పదో తరగతిలో ఉర్దూ, హిందీలను మొదటి భాషగా తీసుకునే వీలుంది. ఉర్దూ మాట్లాడే కుటుంబాలకు అది ఒక దారి. కానీ డెల్టాలో ఉర్దూ టీచరు ఉన్న బడి ఎక్కడుందో ముందే వెతుక్కోవాలి.

రెండో గోడ కాగితాలు. టీసీ ఇంకా రాలేదనో, అడ్మిషన్లు అయిపోయాయనో, ఆధార్ లేదనో తిప్పి పంపుతుంటారు. ఇక్కడ చట్టం ఏమంటుందో ప్రతి తల్లిదండ్రికీ తెలియాలి. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. సెక్షన్ 4 ప్రకారం చదువు మధ్యలో ఆగిన పిల్లలను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, తోటివారిని అందుకునేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. సెక్షన్ 5 ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడికి మారే పిల్లలకు పాత బడి వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోననకూడదు. వయసు ధ్రువపత్రం లేదని సీటు నిరాకరించకూడదని సెక్షన్ 14, గడువు దాటిందని నిరాకరించకూడదని సెక్షన్ 15 చెబుతాయి. ఆధార్ సంగతికొస్తే, పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలు దేశంలో 182 రోజులు ఉండాల్సిన పని లేకుండా దరఖాస్తు చేసుకునే వీలు 2019 నుంచి ఉంది.

తల్లి వెళ్తే..

గోదావరి జిల్లాల వలసలో అసలు పెద్ద భాగం కుటుంబంతో వెళ్లేవాళ్లది కాదు. ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్లది. మన దేశ నిబంధనల ప్రకారం గల్ఫ్ దేశాలకు ఇంటి పనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు దాటాలి. వారి రక్షణ కోసం పెట్టిన నిబంధన అది. కానీ దాని లెక్క చూడండి. 30 దాటిన తల్లి అంటే పిల్లలు అయిదు నుంచి పది తరగతుల మధ్య ఉండే వయసు. సరిగ్గా ఆ సమయంలోనే తల్లి విమానం ఎక్కుతుంది. ఆమెకు ఫ్యామిలీ వీసా ఉండదు. పిల్లలు అమ్మమ్మ ఊరికో, మేనమామ ఇంటికో చేరతారు.

విదేశానికి వెళ్లింది తల్లి. బడి మారింది మాత్రం పిల్లలకు. ఏడాది మధ్యలో రాజోలు నుంచి పెనుగొండకు మారిన పిల్లకు కూడా టీసీ కావాలి, సీటు కావాలి, ఉదయం బడికి తయారుచేసే మనిషి కావాలి. ఆడపిల్ల అయితే వంటపనీ చిన్నతమ్ముడి పనీ ఆమె మీద పడి, బడి నెమ్మదిగా జారిపోతుంది. ఇలాంటి ఇళ్లకు ఆరు నుంచి పన్నెండు తరగతుల దాకా ఉండే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల లాంటి హాస్టలు బడులు నిజమైన ఆసరా. తల్లి వెళ్లే ముందే అక్కడ సీటు చూసుకోవాలి, వెళ్లాక కాదు.

ఇంగ్లండ్ వెళ్లేవాళ్లకూ ఇప్పుడు ఇదే పరిస్థితి వస్తోంది. 2024 జనవరి నుంచి అక్కడ మామూలు మాస్టర్స్ కోర్సుల విద్యార్థులు, అదే ఏడాది మార్చి నుంచి కేర్ వర్కర్లు కుటుంబాన్ని వెంట తీసుకెళ్లే వీలు లేదు.

ఎవరూ చెప్పని లెక్క

ఇంకో చిక్కు ఇంటర్ అయ్యాక బయటపడుతుంది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం వృత్తి విద్యా కోర్సుల్లో 85 శాతం సీట్లు స్థానికులకు. గోదావరి జిల్లాలు ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలోకి వస్తాయి. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవారిని సాధారణంగా స్థానికులుగా చూస్తారు. ఇంజినీరింగ్, మెడిసిన్‌కు ఆ నాలుగేళ్లంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. తొమ్మిది, పది దోహాలో చదివి ఇంటర్‌కు రాజమండ్రి వచ్చిన పిల్లకు పుట్టింది ఇక్కడే అయినా ఈ లెక్క కుదరదు. తల్లిదండ్రుల్లో ఒకరు బయట ఉద్యోగం చేసిన కాలం పోను మొత్తం పదేళ్లు రాష్ట్రంలో నివసించి ఉంటే మిగిలిన 15 శాతం సీట్లకు పోటీ పడొచ్చు. సీటు రాదని కాదు, పోటీ గట్టిగా ఉంటుందని. ఈ సంగతి ఎనిమిదో తరగతిలోనే తెలిస్తే కుటుంబం వేరే నిర్ణయం తీసుకునేదేమో.

ఏం చేయాలి?

ఇంటి వైపు నుంచి చేయాల్సినవి కష్టమైనవి కావు. బయల్దేరే ముందే టీసీ, స్టడీ సర్టిఫికెట్, మార్కుల కాగితాలు, జనన ధ్రువపత్రం తీసుకోవాలి. ఆ దేశం ఎలాంటి అటెస్టేషన్ అడుగుతుందో చేరబోయే బడినే అడగాలి. పిల్లల పెన్ నంబర్ రాసి పెట్టుకుంటే తిరిగొచ్చినప్పుడు పాత రికార్డు వెతుక్కోనక్కర్లేదు. అన్నింటికంటే ముఖ్యం, పరాయి దేశంలో ఉన్నా ఇంట్లో రోజూ అరగంట తెలుగు చదివించడం. 14 ఏళ్లు దాటి ఎక్కడా సీటు కుదరని పిల్లలకు నేషనల్ ఓపెన్ స్కూల్, రాష్ట్ర ఓపెన్ స్కూల్ ఉన్నాయి. అవి తక్కువ చదువులేం కాదు, పదికి పదే.

ప్రభుత్వం వైపు నుంచి కావాల్సిందీ పెద్ద ఖర్చు కాదు. వలస ఎక్కువగా ఉన్న కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల డీఈఓ కార్యాలయాల్లో విదేశాల నుంచి వచ్చిన, విదేశాలకు వెళ్తున్న పిల్లల కోసం ఒక బల్ల, ఒక మనిషి. చట్టంలో రాసి ఉన్న ప్రత్యేక శిక్షణను వీళ్లకు తెలుగు నేర్పడానికి వాడుకోవడం. ఎన్నార్టీ సొసైటీ లాంటి సంస్థలు వీసా మోసాల గురించి చెప్పేచోటే తరగతి లెక్క కూడా చెప్పడం. మసీదు కమిటీలు, చర్చి సంఘాలు, ఊరి పెద్దలు కూడా తమ ఊళ్లో బడి మధ్యలో ఆగిన పిల్లలెవరో జూన్ నెలలో ఒకసారి లెక్క చూసుకోవచ్చు.

గల్ఫ్ వెళ్లేది ఎందుకని ఏ తల్లినడిగినా, ఏ తండ్రినడిగినా ఒకటే జవాబు, పిల్లల చదువు కోసమని. ఆ చదువే ప్రయాణంలో తప్పిపోకుండా చూసుకోవాలంటే, టికెట్ కొనే రోజునే బడి క్యాలెండర్ కూడా పక్కన పెట్టుకోవాలి.