అమ్మీకి ఇంగ్లీషు ఎందుకు అనే కొడుకులకు

"అమ్మీకి ఈ వయసులో ఇంగ్లీషు దేనికి? మేం లేమా?"

చికాగోలో ఏ దావత్‌కి వెళ్లినా ఈ మాట వినిపిస్తుంది. కొడుకులు ఎంతో ముహబ్బత్‌తో అంటారు. నేనూ ఆరేళ్లు అన్నాను. అందుకే చెబుతున్నాను, ఇందులో ముహబ్బత్ కంటే మన బద్ధకమే ఎక్కువ.

మా అమ్మీ గుంటూరు నుంచి వచ్చింది. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు. తెలుగు ఆమెకు ఏ బడిలోనూ చెప్పలేదు. కూరగాయలామెతో బేరమాడి, పక్కింటి పిన్నిగారితో కలిసి ఆవకాయ పెట్టి నేర్చుకుంది. చిన్నప్పుడు ఖాయిదా పట్టుకుని అలిఫ్, బే దగ్గర మొదలుపెట్టి ఖురాన్ ఖతమ్ చేసింది. అలాంటి మనిషిని తెచ్చి డెవాన్ అవెన్యూ పక్కన అపార్ట్‌మెంట్‌లో కూర్చోబెట్టి, "పాపం, ఆమెకేం రాదు" అన్నాం.

పోయినేడు డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన రోజున నాకు ఆఫీసు, నా భార్యకు షిఫ్టు. పక్కవాళ్ల కారులో అమ్మీని, తర్జుమాకు పదకొండేళ్ల మా బాబుని పంపాను. డాక్టరమ్మ అడిగింది. వాడు, "దాదీ, క్యా తక్లీఫ్ హై?" అన్నాడు. "కుచ్ నై బేటా, ఘుట్నే దుఖ్‌తే" అంది. మోకాళ్లకు మాత్రలు రాసిచ్చి పంపారు.

అసలు తక్లీఫ్ మోకాళ్లు కాదు. నెలసరి ఆగిన పదేళ్లకు మళ్లీ రక్తం కనిపిస్తోంది. ఆ మాట మనవడి నోట చెప్పించడానికి షరమ్ అడ్డొచ్చింది. నాకూ చెప్పలేదు. నాలుగు నెలల తర్వాత నా భార్య ఉతికే బట్టల్లో చూసి పట్టుకుంది. అల్‌హందులిల్లాహ్, పరీక్షల్లో భయపడాల్సిందేమీ తేలలేదు. కానీ ఆ నాలుగు నెలలకు జవాబు చెప్పాల్సింది నేనే.

ఈ దేశంలో ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రులు, క్లినిక్కులు అవసరమైనవాళ్లకు దుబాసీని ఉచితంగా ఇవ్వాలి. ప్రాణం మీదికి వస్తే తప్ప చిన్నపిల్లలతో తర్జుమా చేయించకూడదు. ఇది ఖానూన్. ఆ దుబాసీని అడగడానికైనా అమ్మీకి మూడు ముక్కలు ఇంగ్లీషు రావాలి కదా!

"పౌరసత్వం పరీక్షలో పెద్దవాళ్లకు ఇంగ్లీషు మాఫీ కదా" అంటారు కొందరు. నిజమే. గ్రీన్ కార్డు మీద 20 ఏళ్లు ఉండి 50 దాటినవాళ్లకు, 15 ఏళ్లు ఉండి 55 దాటినవాళ్లకు మాఫీ ఉంది. కానీ మాఫీ పరీక్షకే. మందుసీసా మీది చీటీకి మాఫీ లేదు. 911కి ఫోన్ చేసి ఇంటి అడ్రసు చెప్పడానికి మాఫీ లేదు.

"మన జబాన్ పోతుంది" అంటారు ఇంకొందరు. పోతున్నది అమ్మీ జబాన్ కాదు భాయ్, మన పిల్లలది! ఇంట్లో ఉర్దూ, తెలుగే మాట్లాడండి. ఇంగ్లీషుకి రోజూ ఇరవై నిమిషాలు చాలు.

మా ఇంట్లో అసర్ నమాజ్ తర్వాత కూర్చుంటాం. కొత్తగా పుస్తకాలేం కొనలేదు. అమ్మీ మందుసీసాలే సబఖ్. రోజుకు ఎన్నిసార్లు, తిన్నాకా, తినకముందా. తర్వాత పేరు, పుట్టినతేదీ. ఇక్కడ నెల ముందు, తేదీ తర్వాత, ఇది ఆమెకు బాగా ముష్కిల్ అయింది. తర్వాత అడ్రసు, బస్సు నంబరు. పది నిమిషాలు మనవడు ఉస్తాద్, దాదీ షాగిర్ద్. తర్వాతి పది నిమిషాలు వాడికి ఆమె ఉర్దూ అక్షరాలు దిద్దిస్తుంది. వాడి "ఖాఫ్" విన్నాక ఆమె ఇంగ్లీషుకి నవ్వడం మానేశాడు.

ఒక్క షరతు. మాట మధ్యలో తప్పు దిద్దకూడదు. బేరమాడేటప్పుడు కూరగాయలామె ఆమె తెలుగు దిద్దలేదు, వంకాయలు తూచి ఇచ్చింది. మన చదువులకు ఆ పాటి తమీజ్ ఉండాలి.

పోయిన నెల అమ్మీయే క్లినిక్కుకి ఫోన్ చేసింది. పేరు చెప్పింది, పుట్టినతేదీ చెప్పింది, "ఉర్దూ ఇంటర్‌ప్రెటర్, ప్లీజ్" అంది. దుబాసీ లైనులోకి రాగానే నా వైపు చూసి, "తూ బాహర్ జా" అని తలుపు వేసుకుంది.

బయట నిలబడ్డాను. ఆరేళ్లుగా మేం ఆమెకు ఇవ్వనిది ఆ మూసిన తలుపే.