చివరి వరుస దాకా మాట చేరాలి

లోక్‌సభ కొత్త మందిరంలో 888 సీట్లున్నాయి. సభ్యులు 543 మంది. ఉభయసభలు కలిసి కూర్చుంటే 1,272 మందికి చోటు చూపగలదు ఆ హాలు. 2023 మే 28న భవనం ప్రారంభమైనప్పుడు మనం చెప్పుకున్నది మాత్రం నెమలి, తామర ఇతివృత్తాల గురించి, భదోహి-మీర్జాపూర్ తివాచీలు, నాగపూర్ టేకు గురించి, స్పీకర్ కుర్చీ పక్కన నిలిపిన సెంగోల్ గురించి. ఆ పనితనానికి వంక పెట్టలేం. కానీ చట్టసభ లోపలి అమరికలో ముందుగా తేల్చుకోవలసింది మనిషికీ మనిషికీ మధ్య దూరం. తివాచీ రంగు సంగతి తర్వాత.

ఈ విషయం బ్రిటన్‌లో బాహాటంగా చర్చకొచ్చింది. 1941 మేలో జర్మన్ బాంబులకు కామన్స్ సభ కూలింది. తిరిగి ఎలా కట్టాలన్నది 1943 అక్టోబర్‌లో చర్చించారు. హాలు అర్ధచంద్రాకారంలో వద్దు, ఎదురెదురు వరుసలే ఉండాలి, సభ్యులందరికీ సరిపడా సీట్లు కూడా వద్దు అని చర్చిల్ పట్టుబట్టారు. పదిమంది వచ్చిన రోజున సభ వెలవెలబోకూడదు, కీలకమైన రోజున కిక్కిరిసి ఉండాలి అన్నది ఆయన వాదన. 1950లో తెరిచిన ఆ సభలో నేటికీ 650 మందికి 427 సీట్లే.

అంత ఇరుకు మనకూ కావాలని కాదు. పాత లోక్‌సభలో రెండో వరుస దాటితే ముందు బల్ల ఉండేది కాదు. బిల్లు ప్రతిని ఒళ్లో పెట్టుకోవాలి, మధ్యలో కూర్చున్నవారు బయటికి రావాలంటే పక్కవారి మోకాళ్లు దాటాలి. బల్ల చరిచి హర్షించే మన ఆనవాయితీ కూడా ముందు వరుసలకే దక్కేదన్నమాట! ఇప్పుడు బెంచీకి ఇద్దరు, ఎదుట బల్ల, తెర. ఈ మార్పు అవసరమైనదే.

దానికి చెల్లించిన మూల్యం దూరం. ఒకరినొకరు చూసుకోవడానికి బైనాక్యులర్లు కావాలని కాంగ్రెస్ నేత జైరాం రమేశ్ ఎద్దేవా చేశారు. అందులో రాజకీయం ఉంది, విషయమూ ఉంది. చిన్న హాల్లో మైకు లేకపోయినా గొంతు పెంచి మాట వినిపించవచ్చు. పెద్ద హాల్లో మైకు ఆగిందంటే సభ్యుడు ఉన్నా లేనట్టే. మైకులు కట్ చేస్తున్నారని ప్రతిపక్షాలు తరచూ ఆరోపిస్తుంటాయి. నిజానిజాలు అటుంచితే, హాలు పెరిగేకొద్దీ ఆ స్విచ్చి ఎవరి చేతిలో ఉందన్నది పెద్ద ప్రశ్న అవుతుంది. జర్మనీకి ఈ అనుభవం వేరే రూపంలో ఎదురైంది. 1992లో బాన్‌లో గాజు గోడలతో కట్టిన కొత్త సభలో కొద్దిరోజులకే శబ్ద వ్యవస్థ మొరాయించింది. సభ్యులు తిరిగి పాత నీటి పంపింగ్ కేంద్రంలోని తాత్కాలిక సభకే వెళ్లారు.

సందర్శకుల గ్యాలరీ సంగతీ అంతే. 2023 డిసెంబర్ 13న ఇద్దరు అక్కడి నుంచి సభలోకి దూకి రంగు పొగ వదిలారు. గ్యాలరీ ఎత్తు, రెయిలింగ్ నక్షా దశలోనే తేలవలసినవి. భద్రత పేరుతో జనాన్ని దూరం పెట్టడం దానికి జవాబు కాదు. పాత భవనంలోని సెంట్రల్ హాల్ లాంటిది కొత్తదానిలో లేకపోవడమూ లోటే. అక్కడ కాఫీ తాగుతూ పార్టీలు మరిచి మాట్లాడుకునేవారు.

ఈ పాఠాలు మనకిప్పుడు పనికొస్తాయి. అమరావతి శాశ్వత శాసనసభకు నక్షా ఇచ్చిన నార్మన్ ఫోస్టర్ సంస్థే 1999లో బెర్లిన్ రైఖ్‌స్టాగ్‌ను తీర్చిదిద్దింది. అక్కడ ఎన్నిక ఎన్నికకూ కుర్చీల అమరిక మారుతుంది: 2021లో 736 మంది, 2025లో 630 మంది. పునర్విభజన చట్టం ప్రకారం ఏపీ స్థానాలు 175 నుంచి 225కు, తెలంగాణలో 119 నుంచి 153కు పెరగాలి. పెరిగే సీట్ల కోసం ఇప్పుడే ఖాళీ కుర్చీలు బిగించనక్కర్లేదు, అవసరమైనప్పుడు చేర్చుకునే అమరిక చాలు. అమరావతి సభలో ఏ చెక్క, ఏ రాయి అని నిర్ణయించేముందు ప్రభుత్వం ఒక షరతు రాయాలి: చివరి వరుస సభ్యుడు మైకు లేకుండా లేచి మాట్లాడినా స్పీకర్‌కు స్పష్టంగా వినిపించాలి.