కూతురి వాటా

‘పెళ్లికి అంత ఖర్చుపెట్టాం, కట్నమిచ్చాం. ఇంకా వాటా ఏమిటి?’ ఈ మాట వినపడని ఇల్లు మన దగ్గర తక్కువే. ఒకప్పటి తిరువాన్కూరు సంస్థానంలో, అంటే నేటి దక్షిణ కేరళలో ఈ మాటే చట్టమై కూర్చుంది.

1916లో అక్కడి క్రైస్తవుల కోసం చేసిన వారసత్వ చట్టం అది. తండ్రి వీలునామా రాయకుండా పోతే, కూతురికి దక్కేది కొడుకు వాటాలో నాలుగో వంతు లేదా 5,000 రూపాయలు. రెండింట్లో ఏది తక్కువైతే అది! స్త్రీధనం ముట్టినా, ఇస్తామని మాటిచ్చినా అదీ లేదు.

మేరీ రాయ్ ఆ సిరియన్ క్రైస్తవుల ఆడపడుచే. భర్తకు దూరమై ఇద్దరు పిల్లలతో ఊటీలోని తండ్రి ఇంటికి చేరితే, ఖాళీ చెయ్యమన్నారు సొంతవాళ్లే. తర్వాత ఆవిడ కొట్టాయంలో బడి పెట్టి నిలదొక్కుకున్నారు. ఆనక సుప్రీంకోర్టు తలుపు తట్టారు.

1986 ఫిబ్రవరి 24న తీర్పు వచ్చింది. 1951లోనే కేంద్రం చేసిన ఒక చట్టంతో తిరువాన్కూరు పాత చట్టం రద్దయిందనీ, అప్పట్నుంచీ క్రైస్తవులకు భారత వారసత్వ చట్టమే వర్తిస్తుందనీ కోర్టు తేల్చింది. అందులో కొడుకూ కూతురూ సమానమే. అంటే... 35 ఏళ్లుగా ఉన్న హక్కు ఆడపిల్లల చేతికి అందలేదన్నమాట!

తీర్పు రాగానే మతపెద్దలు కొందరు గగ్గోలు పెట్టారు. మేరీ రాయ్ మాత్రం మతాన్ని కాదనలేదు, తన వాటా అడిగారంతే.

ఇది ఒక్క మతం గొడవనుకుంటే పొరపాటు. హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు పుట్టుకతో హక్కు మన రాష్ట్రంలో వచ్చింది 1985 సెప్టెంబరు 5 నుంచే. అప్పటికే పెళ్లయినవాళ్లకి అదీ లేదు. దేశమంతటా రావడానికి 2005 దాకా ఆగాల్సొచ్చింది.

మైనారిటీల చట్టాలు ఉండాలా, అందరికీ ఒకటే చట్టం కావాలా అని టీవీల్లో గంటలకొద్దీ వాదించుకుంటారు. ఆ హోరులో, ‘మరి నా సంగతేమిటి?’ అన్న ఇంటి ఆడపిల్ల గొంతు వినపడదు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేని చట్టం ఏ మతానిదైనా మారాల్సిందే. ఆ మార్పు మేరీ రాయ్‌లాగా లోపల్నుంచే అడిగేవాళ్లతో వస్తే, దాన్ని పరాయిదని ఎవరూ తోసెయ్యలేరు.

చట్టం మారితే సరిపోతుందా? ‘నాకేమీ వద్దని ఓ సంతకం పెట్టమ్మా’ అంటూ అన్నయ్య కాగితం చాపుతూనే ఉన్నాడు. పుట్టింటి గుమ్మం ఎక్కడ దూరమవుతుందోనని చెల్లెలు పెడుతూనే ఉంది.