చేవెళ్ల, మొయినాబాద్ కాలేజీల్లో కౌన్సెలర్లను వెంటనే నియమించాలి



2025 నవంబర్ 3, సోమవారం పొద్దున తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఢీకొట్టింది. 19 మంది చనిపోయారు. సెలవుకు ఇంటికి పోయి తిరిగి చదువులకు బయల్దేరిన పిల్లలు అందులో ఉన్నారు. సరిగ్గా అదే రోజు ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం రాష్ట్రంలోని ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీలు బంద్ మొదలుపెట్టాయి. కొద్ది రోజులకు బంద్ విరమించారు, క్లాసులు నడిచాయి, పిల్లలు మళ్లీ అదే రోడ్డు మీద, అవే బస్సుల్లో వచ్చారు. నిన్నటిదాకా పక్క సీట్లో కూర్చున్న స్నేహితురాలు ఇక రాదని తెలిసిన అమ్మాయితో మాట్లాడాల్సిన బాధ్యత ఎవరిది? కాలేజీలో ఏ ఉద్యోగి విధుల్లో ఆ పని ఉంది? మేం అడిగేది ఈ ఒక్క ప్రశ్నే.

ఒత్తిడి మీద శిక్షణ ఇస్తున్నామని యాజమాన్యాలు చెబుతాయి. ఆ శిక్షణ ఎట్లుంటుందో అందరికీ తెలుసు. సెమినార్ హాల్లో ఫ్లెక్సీ కడతారు, బయటి నుంచి వచ్చిన వక్త రెండు గంటలు మాట్లాడతాడు, కళ్లు మూసుకుని గాలి పీల్చి వదలమంటాడు, చివర్లో గ్రూప్ ఫొటో. ఆ ఫొటో న్యాక్ గుర్తింపు ఫైలుకు పనికొస్తుంది. శిక్షణే వృథా అని మేం అనడం లేదు. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం 616 మంది విద్యార్థుల మీద పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించింది. ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ తీసుకున్నవాళ్లలో పరీక్షల కాలపు ఆందోళన తగ్గింది. అది ఎనిమిది వారాల కోర్సు, పైగా ఆ విశ్వవిద్యాలయంలో కౌన్సెలింగ్ సేవలు అంతకుముందే ఉన్నాయి. బ్రిటన్‌లోనే 85 బడుల్లో పిల్లలందరికీ క్లాసు పాఠంలా ధ్యానం నేర్పితే మామూలు బోధన కంటే ఎక్కువ మేలేమీ కనబడలేదని 2022లో తేలింది. అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి చెప్పినంత మాత్రాన కష్టంలో ఉన్న ఒక్కరికి సాయం అందదు.

అసలు ఈ ఒత్తిడి ఎక్కడ పుడుతోంది? 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. పరీక్ష తప్పడమే కారణమని నమోదైనవి 2,248. మిగతా పిల్లలను మనం ఏ లెక్కలో చూస్తున్నాం? మార్కులు తప్ప వేరే బాధ లేదన్నట్టు మాట్లాడేవాళ్లు మన కాలేజీల ఆఫీసు కిటికీ ముందు ఒక గంట నిలబడి చూడాలి. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ పేద ఇంటి బిడ్డను ఇంజినీరింగ్ చదివించింది. ఇప్పుడు ప్రభుత్వం డబ్బు వేళకు ఇవ్వదు, యాజమాన్యం ప్రభుత్వాన్ని గట్టిగా పట్టుకోలేక విద్యార్థిని పట్టుకుంటుంది. కోర్సు పూర్తిచేసి ఉద్యోగంలో చేరాల్సిన పిల్లవాడు మెమోలు, టీసీ కోసం వస్తే ముందు నో డ్యూస్ తెమ్మంటారు, రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగి ఇస్తాం, ఇప్పటికి నువ్వు కట్టు అంటారు. కూలికి పోయే తండ్రి వడ్డీకి తెచ్చి కట్టాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపిపెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే చెప్పింది. సర్కారు బాకీకి బిడ్డ సర్టిఫికెట్లను తాకట్టు పెట్టుకుని, ఆ బిడ్డకే ఒత్తిడిని జయించడం ఎలాగో క్లాసు చెప్పడం అన్యాయం. దీనికి అటెండెన్స్ తగ్గితే కండొనేషన్ ఫీజు, క్రెడిట్లు చాలకపోతే డిటెన్షన్ తోడు. రోడ్డు మీద రెండు గంటలు ఇరుక్కుపోయిన బస్సు ఏ రిజిస్టర్‌లోనూ కనబడదు.

ఇక బతిమాలడం చాలు. 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు వెళ్లి చనిపోయిన ఒక విద్యార్థిని తండ్రి వేసిన కేసు అది. తెలుగు నేల మీద పోయిన ప్రాణం వల్ల దేశమంతటికీ వచ్చిన మార్గదర్శకాలవి. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ కనీసం ఒక్కరుండాలి. బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. పిల్లలను అందరి ముందు అవమానించకూడదు. కలెక్టర్ నాయకత్వంలో జిల్లా కమిటీ తనిఖీ చేయాలి. ఈ తీర్పు కోచింగ్ సెంటర్లకే అని తప్పించుకోవడం కుదరదు, కాలేజీలు, విశ్వవిద్యాలయాలు, హాస్టళ్లు అన్నీ దీని కిందికి వస్తాయి. అజీజ్‌నగర్, చిలుకూరు, యెన్కేపల్లి చుట్టూ ఉన్న ఏ ఇంజినీరింగ్ కాలేజీలో 100 మంది లేరు? 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తప్పులతడక తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. త్రిసభ్య కమిటీ వేశారు, నివేదిక తీసుకున్నారు. నివేదికలు రాసే ఇంకో కమిటీ మాకు వద్దు, ఈ తీర్పు అమలు కావాలి.

కౌన్సెలర్‌ను పెడితే ఖర్చు ఎక్కువని యాజమాన్యాలు అంటాయి. బస్సుల వెనక, హోర్డింగుల మీద ప్రకటనలకు ఖర్చు కాలేదా? 100 మంది కూడా లేని చిన్న కాలేజీలు రెండు మూడు కలిసి ఒకరిని పెట్టుకుని మొదలుపెట్టవచ్చు. చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లోనే మెడికల్ కాలేజీలున్నాయి, ప్రతి మెడికల్ కాలేజీలోనూ సైకియాట్రీ విభాగం ఉండాల్సిందే. తీవ్రమైన కేసును పంపడానికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. మా కాలంలో ఒత్తిడి లేదా అనేవాళ్లకు జవాబు చెప్పే ఓపిక లేదు. పిల్లలు కౌన్సెలర్ దగ్గరికి రారన్న అభ్యంతరం మాత్రం ఆలోచించాల్సిందే. ఎందుకు రారు? చెప్పిన మాట హెచ్ఓడీకి, అక్కడి నుంచి ఇంటికి, ఇంటర్నల్ మార్కులకు చేరుతుందన్న భయంతో రారు. అందుకే ఆ కౌన్సెలర్ పాఠం చెప్పే లెక్చరర్ కాకూడదు, మార్కులు వేసే అధికారం ఉండకూడదు, ప్రాణాపాయం ఉన్నప్పుడు తప్ప విన్నది బయటికి చెప్పకూడదు. చిలుకూరు బాలాజీ చుట్టూ 11 ప్రదక్షిణలు చేస్తూ వీసా కోసం, ఉద్యోగం కోసం మొక్కుకునే పిల్లలను చూస్తూనే ఉన్నాం. మనసులో మాట చెప్పుకోవాలని వాళ్లకుంది. విని గుట్టుగా ఉంచే మనిషి కాలేజీలో కావాలి.

తల్లిదండ్రులారా, ఈ వారమే మీ పిల్లల కాలేజీకి పోయి ప్రిన్సిపాల్‌ను అడగండి. కౌన్సెలర్ పేరు, చదువు, గది నంబరు, కూర్చునే వేళలు నోటీసు బోర్డు మీద పెట్టమనండి. పెట్టకపోతే రాతపూర్వకంగా కారణం అడిగి, ఆ కాగితాన్ని కలెక్టరేట్ ప్రజావాణిలో ఇవ్వండి. ఆపిన సర్టిఫికెట్ల జాబితా కూడా దానితో జత చేయండి. అధ్యాపకులారా, మీకు రావాల్సిన శిక్షణను మీరే అడగండి. విద్యార్థులారా, ఇదంతా జరిగేదాకా ఆగొద్దు. మనసు భారంగా ఉంటే ఇప్పుడే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బులు పడవు.