దేవుడు వరమిచ్చాడు, పూజారి తాళం వేశాడు

దొంగ అన్నారు. ఏం దొంగిలించాడు అంటే నీళ్ళు నమిలారు. అమెరికాలో క్లైమేట్ యునైటెడ్ అనే లాభాపేక్ష లేని సంస్థ కథ ఇంతే. మిగతాదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఇది విన్నాక కూడా "నిప్పు లేనిదే పొగ రాదు కదండీ" అని గడ్డం నిమురుకునే పెద్దమనుషులు మన మధ్య దండిగా ఉన్నారు కాబట్టి.

రండి, పొగ ఎవరు పెట్టారో చూద్దాం.

2022లో అమెరికా కాంగ్రెస్ ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం చేసింది. రిపబ్లికన్లలో ఒక్కరూ చెయ్యెత్తలేదు. సెనేట్‌లో ఓట్లు చెరిసగమైతే అప్పటి ఉపాధ్యక్షురాలు కమలా హ్యారిస్ ఓటుతో గట్టెక్కింది. బొటాబొటిగా నెగ్గినా చట్టం చట్టమే కదా! కర్బన కాలుష్యం తగ్గించే పనులకు అందులో 2,700 కోట్ల డాలర్లు పెట్టారు. వాటిలో 2,000 కోట్లు ఎనిమిది సంస్థలకు వెళ్ళాయి. క్లైమేట్ యునైటెడ్ వాటా దాదాపు 700 కోట్లు. ఇది జాతరలో పంచే పప్పుబెల్లం కాదు. అప్పుగా ఇవ్వాలి, వసూలు చెయ్యాలి, వచ్చినదాన్ని మళ్ళీ ఇంకొకరికి తిప్పాలి. పెద్ద బ్యాంకులు ముఖం చూడని పేటల్లో, గిరిజన ప్రాంతాల్లో సౌర ఫలకాలకూ, కరెంటు తక్కువ తాగే ఇళ్ళకూ పెట్టుబడి దొరికే దారి అది. ఈ సంస్థ ఇచ్చిన తొలి రుణాల్లో ఒకటి ఎక్కడికి వెళ్ళిందో తెలుసా? ఆర్కాన్సాకు. ట్రంప్‌కు కళ్ళు మూసుకుని ఓటేసే రాష్ట్రంలో, విశ్వవిద్యాలయానికి కరెంటిచ్చే సౌర ప్రాజెక్టులకు.

ఇక "నిప్పు" సంగతి. 2024 డిసెంబరులో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఉద్యోగి ఒకడు దొంగ కెమెరాకు చిక్కాడు. అప్పటి ప్రభుత్వ పదవీకాలం ముగిసేలోగా నిధులు ఇచ్చెయ్యాలన్న హడావుడి గురించి చెబుతూ, టైటానిక్ మీంచి బంగారు కడ్డీలు విసిరేస్తున్నట్టుంది అన్నాడు. నోటి తీట మాట. అయితే ఈ 2,000 కోట్ల ఒప్పందాలు అంతకు నాలుగు నెలల ముందే, ఆగస్టులోనే అయిపోయాయి. 2024 సెప్టెంబరు 30లోగా ఇచ్చెయ్యమని గడువు పెట్టింది సాక్షాత్తూ ఆ చట్టమే. ఆ ముక్క చెబితే వీడియో పండదు. అందుకే పర్యావరణ పరిరక్షణ సంస్థకు కొత్త అధిపతిగా వచ్చిన లీ జెల్డిన్ 2025 ఫిబ్రవరి 12న కెమెరా ముందు కూర్చుని, బంగారు కడ్డీలు దొరికాయోచ్ అని ఊరంతా చాటింపు వేశాడు. దొరికాయట! ఎక్కడ? సిటీబ్యాంకులో, ఆ ఎనిమిది సంస్థల పేరు మీదే ఉన్న ఖాతాల్లో, ప్రభుత్వమే సంతకం పెట్టిన ఒప్పందం ప్రకారం. నా జేబులో నా పర్సు దొరికిందని నన్ను స్టేషనుకు ఈడ్చినట్టుంది.

తర్వాతి అంకం ఇంకా రసవత్తరం. ఈ డబ్బు మీద నేర విచారణ మొదలుపెట్టమని వాషింగ్టన్ ఫెడరల్ ప్రాసిక్యూటర్ కార్యాలయంలో నేర విభాగం పెద్ద డెనిస్ చెంగ్ మీద ఒత్తిడి పెట్టారు. ఇరవై ఏళ్ళకు పైగా న్యాయశాఖలో తల పండిన మనిషి. ఆధారం చాలదంది. అయినా వినకపోతే ఫిబ్రవరి 18న రాజీనామా కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. నిప్పు ఉందని ప్రమాణం చేస్తున్న పెద్దమనిషీ, నిప్పు వెతకడమే వృత్తిగా బతికిన మనిషి ఉద్యోగమైనా వదులుకుంది గానీ లేని నిప్పును ఉందనలేదు. నీకు మాత్రం పొగ వాసన ఎలా వస్తోందయ్యా?

బ్యాంకు మాత్రం ఖాతాలు బిగించేసింది. ఎందుకని అడిగితే సమాధానం లేదు. జీతాలకే కటకటగా ఉందని క్లైమేట్ యునైటెడ్ మొత్తుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవాలి కదా? వీళ్ళు తడుముకోలేదు. మార్చి 8న నేరుగా కోర్టు మెట్లెక్కారు. మా లెక్కలు చూడండి, మా మీద సాక్ష్యం ఏమిటో చెప్పమనండి అని జడ్జిని అడిగారు. మూడు రోజులు తిరిగేసరికి, మార్చి 11న, గ్రాంటులు రద్దు చేస్తూ ప్రభుత్వం ఉత్తరం పంపింది.

ఆ మర్నాడు, మార్చి 12న, ఇదే జెల్డిన్ ముప్ఫై ఒక్క పర్యావరణ నిబంధనల మీద వేటుకు శ్రీకారం చుడుతూ ఏమన్నాడు? వాతావరణ మార్పు అనే మతం గుండెల్లోకి నేరుగా బాకు దించుతున్నాం అన్నాడు. చదివారా? ఫిబ్రవరి అంతా అవినీతి, అవినీతి అని గుండెలు బాదుకున్నవాడు మార్చిలో బాకు బయటికి తీశాడు. మోసం జరిగిందని రద్దు చెయ్యలేదు. రద్దు చెయ్యాలి కాబట్టి మోసం అన్నాడు. పిచ్చిదని ముద్ర వేస్తే తప్ప కుక్కను కొట్టడానికి జనం ఒప్పుకోరు మరి.

"ప్రజాధనం కదండీ, తనిఖీ వద్దా?" వద్దని ఎవడన్నాడు? ఆ సొమ్మును బయటి బ్యాంకులో ఉంచిన ఏర్పాటు కొత్తది. దాన్ని నిలదియ్యండి, ప్రతి డాలరుకూ లెక్క అడగండి. నేనూ మీ పక్కనే నిలబడతాను. కానీ ట్రంప్ గద్దెనెక్కిన వారంలోనే, అంటే జనవరి 24న, ఆ పర్యావరణ సంస్థ ఖాతాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ జనరల్‌ను పీకేశారు. మరో డజనుకు పైగా శాఖల తనిఖీదార్లదీ అదే గతి. దొంగల్ని పడతానని బయల్దేరినవాడు ముందు కాపలావాణ్ణి ఇంటికి పంపాడు! ఇక ఖజానా మీద బెంగ అంటారా? 2,000 కోట్ల డాలర్లకు గుడ్లనీళ్ళు కుక్కుకున్న ఇదే ప్రభుత్వం జులై 4న సంతకం చేసిన "పెద్ద అందమైన బిల్లు" అనే చట్టం పదేళ్ళలో లోటును 3.4 లక్షల కోట్ల డాలర్లు పెంచుతుందని వాళ్ళ కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయమే లెక్క కట్టింది. చీమ తలకాయ కొరికిందని కేకలు పెట్టి, ఏనుగును గాదెలోకి తోలారు.

మరో అభాండం కూడా ఉంది. నిధులందిన ఆ ఎనిమిది సంస్థల్లో పవర్ ఫార్వర్డ్ కమ్యూనిటీస్ అనే కూటమికి అంతకుముందు ఆదాయం నూరు డాలర్లేనట, దానికి 200 కోట్లట! వినడానికి ఘోరంగానే ఉంటుంది. ఆ కూటమిలో ఉన్నదెవరో కూడా చెప్పాలి కదా. జిమ్మీ కార్టర్ ముసలితనంలోనూ సుత్తి పట్టుకుని ఇళ్ళు కట్టిన హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ, యునైటెడ్ వే లాంటి పాత కాపులు. వాళ్ళంతా కలిసి కొత్తగా తెరిచిన ఖాతాలో నూరు డాలర్లు కాక నూరు కోట్లుంటాయా? కొత్త కాపురం పెట్టినవాడి వంటింట్లో పాత ఆవకాయ జాడీ లేదని పంచాయితీ.

కోర్టులో ఏమైంది? జడ్జి తాన్యా చట్కన్ సాక్ష్యం అడిగింది, రాలేదు. వట్టి ఆరోపణలు చాలవని ఏప్రిల్ 15న సంస్థల వైపు నిలబడింది. ప్రభుత్వం అప్పీలుకెళ్ళింది. సెప్టెంబరు 2న ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఆ ఉత్తర్వు కొట్టేశారు. ఆ ఇద్దరూ ట్రంప్ నియమించినవాళ్ళే. వాళ్ళు చెప్పింది మీకూ నాకూ బాగా పరిచయమైన మాట: ఈ ఫైలు మా సెక్షన్ కాదండీ. ఇది ఒప్పందపు తగాదా కాబట్టి, 1887 నాటి టక్కర్ చట్టం ప్రకారం ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టుకు పొమ్మన్నారు. ఆ కోర్టు నష్టపరిహారం లెక్కకట్టగలదు గానీ, ఆగిపోయిన పథకాన్ని మళ్ళీ నడిపించమని మామూలుగా ఆదేశించలేదు. ఇల్లు లాక్కున్నాడయ్యా అంటే, అద్దె ఎంతొచ్చేదో అర్జీ పెట్టుకో అన్నట్టు. మూడో జడ్జి కార్నీలియా పిలార్డ్ ఒప్పుకోలేదు. డిసెంబరులో పూర్తి ధర్మాసనం ఆ తీర్పును పక్కనపెట్టి, మళ్ళీ వింటామంది.

డెమోక్రాట్లకూ రెండు వడ్డించకుండా ఈ విస్తరి ఎత్తను. 2022లో చట్టం చేసి, సొమ్ము ఒప్పందాలు చేతికొచ్చేసరికి 2024 ఆగస్టయింది. రెండేళ్ళు ఫారాలు నింపారు, మార్గదర్శకాలు దిద్దారు. ఆలోగా సౌర ఫలకాలు పైకప్పుల మీద బిగించి ఉంటే ఏ జెల్డిన్ వచ్చి ఊడపీకేవాడు? ఖాతాలో పడుకున్న డబ్బుకు తాళం వెయ్యడం తేలిక.

"అమెరికా గొడవ మనకెందుకు" అంటారా? మీ అబ్బాయి డల్లాస్‌లోనో, మీ అమ్మాయి న్యూజెర్సీలోనో పన్ను కడుతూనే ఉంది కదండీ, ఓసారి ఫోన్ చేసి అడగండి: కాంగ్రెస్ ఇమ్మన్న సొమ్మును అధ్యక్షుడు ఆపెయ్యగలడా అని. తడుముకుంటే నేను చెబుతాను. 1972లో నీటి కాలుష్యం తగ్గించే చట్టాన్ని నిక్సన్ వీటో చేస్తే, కాంగ్రెస్ ఆ వీటోను తోసి నెగ్గించుకుంది. నెగ్గినా ఆయన పూర్తి సొమ్ము పంచనివ్వలేదు. న్యూయార్క్ నగరం కోర్టుకెక్కింది. 1975లో సుప్రీంకోర్టు, ఇమ్మంటే ఇవ్వాల్సిందే అంది. ఆ దావాలో ప్రతివాదిగా నిలబడింది ఎవరో తెలుసా? పర్యావరణ పరిరక్షణ సంస్థ అధిపతి. అదే కార్యాలయం, అదే కుర్చీ, సరిగ్గా యాభై ఏళ్ళ తేడా. వరమిచ్చిన దేవుడి ఎదుటే తాళంచెవి మొలలో దోపుకున్న ఆ పూజారికి అప్పుడో చీవాటు పడింది. ఈసారి బొడ్డులో తాళంచెవితో పాటు బాకు కూడా ఉంది.