ఎత్తు మడులు కావు, లోతు పాదులు కావాలి

న్యూమెక్సికోలో, ముఖ్యంగా ఆల్బకర్కీ పరిసరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పెరటి తోటను గురించి రెండు మాటలు తరచుగా వినిపిస్తూ ఉంటాయి. 'ఈ నేలలో ఏమీ పండదు' అన్నది మొదటిది. 'సంచులతో మంచి మట్టి కొని తెచ్చి, చెక్కల నడుమ ఎత్తుగా పోసుకుంటే ఏదైనా పండుతుంది' అన్నది రెండవది. ఈ రెండూ సరియైనవి కావని నా అభిప్రాయం. మొదటిది నేలను తెలుసుకోకుండానే నిందిస్తుంది. రెండవది నేలను తెలుసుకోవలసిన అవసరమే లేదంటుంది.

ముందుగా ఈ నేల స్వభావమేమిటో చూద్దాం. ఆల్బకర్కీ సముద్రమట్టానికి సుమారు 5,000 అడుగుల ఎత్తున ఉన్నది. ఏడాది పొడుగునా కురిసే వాన సుమారు 9 అంగుళాలు మాత్రమే. కరవుసీమగా పేరుపడిన మన అనంతపురం జిల్లాలో సైతం ఇంతకు రెట్టింపుకు పైగా కురుస్తుంది. వర్షాలు సమృద్ధిగా ఉన్నచోట నేలలోని సున్నం, లవణాలు నీటితోపాటు లోతుకు దిగిపోతాయి. ఇక్కడ అంత నీరు లేదు. కురిసిన కొద్దిపాటి వాన కొంత లోతుకు ఇంకి, తిరిగి ఆవిరైపోతుంది. అది మోసుకువచ్చిన సున్నం అక్కడే మిగిలిపోతుంది. వేల సంవత్సరాలుగా అలా పేరుకొని గట్టిపడిన తెల్లని పొరను ఇక్కడివారు 'కలీచీ' అంటారు. గడ్డపారకు సైతం లొంగని కలీచీ కొన్ని పెరళ్లలో కనిపిస్తుంది. ఇక్కడి నేలల పి.హెచ్. సాధారణంగా 7.5 నుండి 8.5 వరకు ఉండడానికి కారణం ఈ సున్నమే. పచ్చదనం తక్కువ కావడంచేత, ఆకులలములు కుళ్లి ఏర్పడే సేంద్రియ పదార్థం చాలాచోట్ల నూటికి ఒక పాలు కూడా ఉండదు.

ఈ క్షారగుణం వలన కలిగే మొదటి ఇబ్బంది మనకు కరివేపాకు మొక్కలో కనిపిస్తుంది. లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా నిలిస్తే అది సాధారణంగా ఇనుము లోపం. నేలలో ఇనుము లేక కాదు, కావలసినంత ఉన్నది. క్షారగుణం హెచ్చినప్పుడు అది నీటిలో కరగదు, వేరుకు అందదు. గాదె నిండా ధాన్యముండీ తాళంచెవి దొరకని ఇల్లాలి స్థితి ఆ మొక్కది. నీరు చాలలేదనుకొని మరింత పోస్తే, వేళ్లకు గాలి అందక లోపం మరింత ముదురుతుంది. గంధకం చల్లి పి.హెచ్. తగ్గించాలని చూడడం ఇంత సున్నమున్న నేలలో వృథా ప్రయాస. కరివేపాకును కుండీలో పెంచి, చలికాలంలో ఇంటిలోనికి తెచ్చుకోవడమే మేలు.

ఇక ఎత్తు మడుల సంగతి. మన చేతికి వచ్చే తోటపని పుస్తకాలలో అనేకం వానలు బాగా కురిసే ప్రాంతాలను దృష్టిలో పెట్టుకొని వ్రాసినవి. అక్కడి నేలలు తరచు ఆమ్లగుణం కలవి కనుక సున్నమూ, పొయ్యి బూడిదా చల్లమంటారు. ఇక్కడ ఆ పని చేస్తే పుండు మీద కారం చల్లినట్టే. నీరు నిలవకుండా పోవాలని అక్కడ మడులను ఎత్తు చేస్తారు. మనకు కావలసినది నీరు పోవడం కాదు, నిలవడం. ఈ పొడిగాలికి, ఈ తీవ్రమైన ఎండకు ఎత్తు మడి నలువైపులా ఆరిపోతుంది.

ఈ మాట కొత్తది కాదు. ఈ రాష్ట్రపు పడమటి భాగంలో నివసించే జునీ ప్రజలు తరతరాలుగా చిన్న చిన్న చదరపు గుంటలు చేసి, చుట్టూ మట్టిగట్లు కట్టి, అందులో విత్తనాలు నాటి, నీరు చేతితో పోసి పెంచారు. వీటినే ఆంగ్లంలో వాఫుల్ తోటలంటారు. మన ఊళ్లలో బీరకు, సొరకు తీసే పాదుకూ దీనికీ సూత్రంలో భేదం లేదు. వారు మనలను ఎరుగరు, మనం వారిని ఎరుగము. నీటి ఎద్దడి ఇరువురికీ ఒకే పాఠం నేర్పింది.

ఆచరణలో ఇది కష్టమైన పని కాదు. నేలమట్టానికి నాలుగైదు అంగుళాలు దిగువగా పాదు తీసి, బాగా కుళ్లిన ఆకు ఎరువును మట్టిలో కలపాలి. పశువుల ఎరువు మితిమీరితే అందులోని ఉప్పు మొక్కకు చేటు. పైన ఎండుగడ్డి పరచి, రోజూ పైపైన తడపక, ఆగి ఆగి లోతుగా తడపాలి. మంచు భయం తొలగిన తరువాత, మే నెలలో గోరుచిక్కుడు, తోటకూర, బెండ, గోంగూర, దోస విత్తుకోవచ్చును. ఇవన్నీ వేడిని ఓర్చుకునేవే. మోకాళ్ల నొప్పులతో వంగలేని పెద్దలకూ, జానెడు లోతుననే కలీచీ తగిలే ఇళ్లవారికీ ఎత్తు మడి తప్పదు. అది మినహాయింపుగా ఉండవలెనే కాని ఆనవాయితీ కారాదు.

ఇదంతా నాలుగు కూరగాయల కోసమే అయితే ఇంతగా చెప్పనక్కర లేదు. 2022 జులైలో రియో గ్రాండే నది ఆల్బకర్కీ నగరం వద్ద ఎండిపోయింది. సుమారు నలభై సంవత్సరాలలో అలా జరగడం అదే మొదటిసారి. మనం పెరటిలో పోసే ప్రతి చెంబెడు నీటికీ పొరుగువారి ఎదుట, ఈ నేలను మనకన్న ముందు నుండి సాగు చేస్తున్నవారి ఎదుట మనకు జవాబుదారీ ఉన్నది. వలస వచ్చిన చోటును కోనసీమగా మార్చాలని పట్టుబట్టడం గౌరవం అనిపించుకోదు.

కనుక ఈ వసంతంలో మట్టి సంచులు కొనడానికి ముందు పిల్లలను వెంటబెట్టుకొని పెరటిలో ఒక అడుగు లోతు త్రవ్వి చూడండి. పైకి తీసిన పొడిమట్టి మీద వంటింటి వెనిగర్ నాలుగు చుక్కలు వేయండి. బుసబుస పొంగితే అది సున్నం. ఎందుకు పొంగిందని పిల్లలు తప్పక అడుగుతారు. ఆ ప్రశ్నకు సమాధానం చెబుతూనే మొదటి పాదు తీయండి.